గతంలోకి దారి లెక్కగట్టిన ‘ఎందుకు’ గారు



పరీక్షల టైమ్‌టేబుల్, ఫీజు తేదీలు ఈ సంచిక ఇంగ్లీషు పేజీల్లో ఉన్నాయి. ఈ తెలుగు పేజీలో మాత్రం ఒక మనిషి గురించి చెప్పాలనుకుంటున్నాను. దానికి కారణం మా తొమ్మిదో తరగతిలో జరిగిన ఒక చిన్న సంగతి.

వేగం, త్వరణం పాఠం నడుస్తోంది. యూనిట్ టెస్టుకు ఇంకా నాలుగు రోజులే ఉంది. ఒక అబ్బాయి చెయ్యెత్తాడు. ఆదివారం వాళ్ల నాన్నగారితో కలిసి ఆదిత్య 369 చూశాడట. కాంతి కంటే వేగంగా వెళ్తే నిజంగానే నిన్నటిలోకి వెళ్లిపోవచ్చా అని అడిగాడు. అది పోర్షన్‌లో లేదు, కూర్చో అన్నాను. క్లాసంతా నవ్వింది. వాడు కూర్చున్నాడు. బీఈడీలో, ప్రశ్న అడిగే విద్యార్థిని ఎలా ప్రోత్సహించాలి అన్న ప్రశ్నకు మూడు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేనే. సాయంత్రం స్కూల్ బస్సులో కూర్చున్నాక ఆ సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది.

ఆ రాత్రి నుంచి జవాబు వెతకడం మొదలుపెట్టాను. వెతగ్గా వెతగ్గా కుర్ట్ గోడెల్ దగ్గర ఆగాను. గణితం చదివిన వాళ్లకు ఈ పేరు కొత్త కాదు. ఐన్‌స్టీన్ సమీకరణాల్లోంచే గతంలోకి వెళ్లే దారిని లెక్కగట్టి చూపించింది ఈయనే అన్నది నాకు మాత్రం కొత్త.

కుర్ట్ 1906 ఏప్రిల్ 28న బ్రున్ అనే ఊళ్లో పుట్టాడు. అప్పట్లో అది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేది. ఇప్పుడు చెక్ దేశంలో ఉంది, బ్రనో అంటారు. బట్టల మిల్లులకు పేరున్న ఊరు. తండ్రి రుడాల్ఫ్ ఆ మిల్లుల్లోనే పనిచేస్తూ పైకొచ్చారు. తల్లి మరియాన్నె. ఒక అన్నయ్య ఉన్నాడు, తర్వాత డాక్టరయ్యాడు. చిన్నవాడు కుర్ట్ కనిపించిన ప్రతిదానికీ ఎందుకు అని అడిగేవాడు. జవాబు చెబితే ఆ జవాబుకు మళ్లీ ఎందుకు అనేవాడు. ఇంట్లోవాళ్లు వాడికి ‘ఎందుకు గారు’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు.

ఈ అలవాటుకు ఇంకో వైపు కూడా ఉంది. చిన్నతనంలో కుర్ట్‌కు రుమాటిక్ జ్వరం వచ్చి తగ్గింది. ఎనిమిదేళ్ల వయసులో వైద్యం పుస్తకం తిరగేస్తుంటే ఆ జ్వరం గుండెను దెబ్బతీస్తుందని కనిపించింది. అయితే నా గుండె కూడా పాడైపోయి ఉంటుందని తేల్చుకున్నాడు. డాక్టర్లు ఏమీ లేదని చెప్పినా ఆ నమ్మకం జీవితాంతం పోలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికి రావాలి.

స్కూల్లో అన్ని సబ్జెక్టుల్లోనూ, అన్నేళ్లూ, పై గ్రేడే. ఒక్కసారి మాత్రం ఒక సబ్జెక్టులో కొంచెం తగ్గింది. ఆ సబ్జెక్టు గణితం. పేరెంట్స్ మీటింగ్‌లో రెండు మార్కుల గురించి నా టేబుల్ ముందు అరగంట నిలబడే అమ్మానాన్నలకు ఇకమీదట ఈ మాటే చెబుతాను.

1924లో ఫిజిక్స్ చదువుదామని వియన్నా విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ ఫుర్ట్‌వెంగ్లర్ అనే గణిత ప్రొఫెసర్ ఉండేవారు. ఆయనకు మెడ కింది నుంచి శరీరం చచ్చుబడింది. చక్రాల కుర్చీలో కూర్చుని చేతిలో నోట్సు లేకుండా పాఠం చెబుతుంటే, సహాయకుడొకరు బోర్డు మీద రాసేవారు. ఆ పాఠాలు విని గోడెల్ గణితంలోకి మారిపోయారు. బోర్డు మీద ఒక్క గీత కూడా గీయలేని మాస్టారు అంతటి శిష్యుణ్ణి లాక్కున్నారంటే, స్మార్ట్ బోర్డు పనిచేయలేదని పాఠం ఆపేసిన రోజులు నాకు గుర్తొచ్చాయి.

ఇరవై నాలుగేళ్ల వయసులో, 1930 సెప్టెంబరులో, కోనిగ్స్‌బర్గ్‌లో జరిగిన ఒక సభ చివర గోడెల్ ఒక మాట చెప్పారు. అక్కడున్న వాళ్లలో దాని బరువు వెంటనే గ్రహించింది జాన్ వాన్ నాయ్‌మన్ ఒక్కరేనని చెబుతారు. మరుసటి ఏడాది అది వ్యాసంగా అచ్చయింది. అప్పటిదాకా పెద్ద పెద్ద గణితవేత్తల ఆశ ఏమిటంటే, కొన్ని మూల నియమాలు సరిగ్గా రాసిపెట్టుకుంటే చాలు, గణితంలో నిజమైన ప్రతి మాటనూ వాటి నుంచి నిరూపించేయవచ్చని. అది కుదరదని గోడెల్ నిరూపించారు. తనలో తనకు వైరుధ్యం లేని ఏ నియమాల పద్ధతి తీసుకున్నా, అది మామూలు అంకెల లెక్కలు చేయగలిగేంత పెద్దదైతే, నిజమైనా ఆ పద్ధతిలో నిరూపించలేని వాక్యం ఒకటి మిగిలే ఉంటుంది. ఎందుకు అన్న ప్రశ్నను గణితాన్నే అడిగి, దాని హద్దు ఎక్కడో చూపించారన్నమాట.

మా అబ్బాయి ప్రశ్న దగ్గరికి రావాలంటే వియన్నా నుంచి అమెరికా దాకా వెళ్లాలి. ఆ ప్రయాణం సుఖంగా జరగలేదు. 1936 జూన్‌లో గోడెల్‌కు ఎంతో దగ్గరి ప్రొఫెసర్ మోరిట్జ్ ష్లిక్‌ను ఆయన పాత విద్యార్థే విశ్వవిద్యాలయం మెట్ల మీద కాల్చి చంపాడు. గోడెల్ మనసు చెదిరిపోయింది. ఎవరో తనకు తిండిలో విషం పెడుతున్నారని భయం పట్టుకుంది. అడెల్ అనే ఆమె ఆయన ముందు తాను రుచి చూసి, తర్వాత ఆయనకు చెంచాతో తినిపించి మనిషిని చేసింది. ఆమె క్లబ్బులో డ్యాన్సర్‌గా పనిచేసిన మనిషి, విడాకులైన స్త్రీ, ఆయన కంటే ఆరేళ్లు పెద్ద. గోడెల్ ఇంట్లో ఈ సంబంధం ఎంత మాత్రం ఇష్టం లేదు. 1938లో పెళ్లి చేసుకున్నారు.

అప్పటికి ఆస్ట్రియాను హిట్లర్ కలిపేసుకున్నాడు. గోడెల్ యూదుడు కాదు. అయినా వీధిలో నాజీ కుర్రాళ్లు యూదుడనుకుని ఆయన మీద పడితే, అడెల్ గొడుగుతో వాళ్లను తరిమికొట్టింది. పైగా గుండె పాడైందని జీవితమంతా భయపడ్డ ఈ మనిషికి సైన్యం వాళ్లు పరీక్ష చేసి, పనికొస్తాడని రాశారు. ఇక లాభం లేదని 1940 జనవరిలో భార్యాభర్తలిద్దరూ బయల్దేరారు. యుద్ధం వల్ల అట్లాంటిక్ దారి ప్రమాదం. అందుకని రష్యా మీదుగా ట్రాన్స్-సైబీరియన్ రైల్లో తూర్పుకు, జపాన్‌లోని యోకహామా నుంచి ఓడలో ఇంకా తూర్పుకు వెళ్లారు. మార్చి 4న శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగారు. పడమర ఉన్న దేశానికి తూర్పు వైపుగా ముప్పావు భూగోళం చుట్టి వెళ్లారు. ఆ దారిలో పసిఫిక్ మధ్య దినరేఖ దాటేటప్పుడు ఓడలోని వాళ్లందరికీ ఒకే తేదీ రెండుసార్లు వస్తుంది. కాలంలో వెనక్కి వెళ్లడమంటే మనలాంటి వాళ్లకు దక్కేది అంత వరకే, క్యాలెండర్‌లో కాగితం మీద.

ప్రిన్స్‌టన్‌లో ఉన్నత అధ్యయన సంస్థ అని ఒకటుంది. ఐన్‌స్టీన్ 1933 నుంచి అక్కడే ఉన్నారు. గోడెల్ అక్కడికే చేరారు. ఇద్దరికీ ఇరవై ఏడేళ్ల తేడా. ఐన్‌స్టీన్ వదులు స్వెట్టరుతో, దువ్వని జుట్టుతో, నలుగురితో నవ్వుతూ ఉండే మనిషి. గోడెల్ బక్కపలచగా, గుండ్రటి కళ్లద్దాలతో, వేసవిలో కూడా ఓవర్‌కోటు వేసుకుని, ఎవరితోనూ కలవని మనిషి. అయినా రోజూ సంస్థ నుంచి ఇంటికి ఇద్దరూ జర్మన్‌లో మాట్లాడుకుంటూ కలిసి నడిచేవారు. ముసలితనంలో ఐన్‌స్టీన్ ఆఫీసుకు వచ్చేదే గోడెల్‌తో కలిసి ఇంటికి నడవడం కోసమని తానే స్నేహితులతో చెప్పుకున్నారట. 1947లో గోడెల్ అమెరికా పౌరసత్వం ఇంటర్వ్యూకు వెళ్తే సాక్షిగా వెళ్లిందీ ఐన్‌స్టీనే. ఆ పరీక్షకు గోడెల్ రాజ్యాంగమంతా శ్రద్ధగా చదివి, దాని ప్రకారమే అమెరికాలో నియంతృత్వం తేవచ్చని ఒక లొసుగు పట్టుకున్నారు. జడ్జి ముందు దాన్ని వివరించడం కూడా మొదలుపెట్టారు. జడ్జి మంచివాడు కాబట్టి మాట మార్చి పౌరసత్వం ఇచ్చేశాడు. సిలబస్ దాటి చదివితే ఇలాంటి ఇబ్బందులు కూడా ఉంటాయి.

1949లో ఐన్‌స్టీన్‌కు డెబ్బై ఏళ్లు నిండాయి. ఆ సందర్భంగా తెచ్చే పుస్తకానికి గోడెల్‌ను ఒక వ్యాసం అడిగారు. ఆయన ఇచ్చిన పుట్టినరోజు కానుక ఏమిటంటే, ఐన్‌స్టీన్ సమీకరణాలు నిజమైతే గతంలోకి ప్రయాణం తర్కరీత్యా సాధ్యమేనన్న రుజువు.

ఇక్కడ కొంచెం ఫిజిక్స్ చెప్పక తప్పదు. కాంతి సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. 1905లో ఐన్‌స్టీన్ చెప్పిన సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం బరువున్న ఏ వస్తువూ ఆ వేగాన్ని అందుకోలేదు. దగ్గరికి వెళ్లేకొద్దీ ఇంకాస్త వేగం పెంచడానికి కావలసిన శక్తి అంతులేకుండా పెరిగిపోతుంది. అయితే ఆ వేగానికి దగ్గరగా వెళ్లేవాళ్ల గడియారం మన గడియారం కంటే నెమ్మదిగా నడుస్తుంది. కాంతి వేగంలో 99.5 శాతంతో పోయే నౌకలో ఒక ఏడాది గడిస్తే భూమి మీద పదేళ్లు గడుస్తాయి. అంటే భవిష్యత్తులోకి వెళ్లడానికి సిద్ధాంతంలో అడ్డేమీ లేదు. గడియారాలు ఇలా తేడాగా నడవడం నిజమే. మీ ఫోన్‌లో దారి చూపించే ఉపగ్రహాల గడియారాలకు ఈ సవరణ చేయకపోతే మ్యాప్ మిమ్మల్ని వేరే వీధిలో నిలబెడుతుంది.

చిక్కంతా గతంతోనే. ఏదైనా కాంతిని మించి పోగలిగితే, కొంతమంది చూపులో అది బయల్దేరక ముందే చేరినట్టవుతుంది. బాణం తగిలాక విల్లు ఎక్కుపెట్టినట్టు. అలాంటి సంకేతాలను అటూ ఇటూ పంపితే నిన్నటికి కబురు పంపవచ్చు. మా అబ్బాయి ప్రశ్న వెనకున్న లెక్క ఇదే, సినిమాలు వాడుకునేదీ ఇదే. కాంతి వేగాన్ని దాటలేం కాబట్టి గతానికి తలుపు మూసే ఉంటుందని అందరూ అనుకున్నారు.

గోడెల్ కాంతి వేగం నియమాన్ని ముట్టుకోలేదు. 1915లో ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణకు రాసిన సమీకరణాలను తీసుకున్నారు. వాటి ప్రకారం పదార్థం తన చుట్టూ ఉన్న దేశాన్నీ కాలాన్నీ వంచుతుంది. విశ్వంలోని పదార్థమంతా తిరుగుతూ ఉంటే ఆ వంపు ఎలా ఉంటుందని ఆయన లెక్కగట్టారు. అలాంటి విశ్వంలో కాంతి దారులు కూడా పక్కకు ఒరుగుతాయి. దూరం వెళ్లేకొద్దీ ఆ ఒరుగు పెరిగి, ఒక హద్దు దాటాక, ముందుకు పోతున్న మనిషి దారి గుండ్రంగా తిరిగి తన గతంలోకే వచ్చి కలుస్తుంది. గోదావరి సుడిలో పడిన పడవను ఊహించుకోండి. పడవవాడు తన శక్తికి మించి తెడ్డు వేయలేదు. నీళ్లే వాణ్ణి తిప్పి బయల్దేరిన చోటికి తెచ్చాయి. పోలిక పూర్తిగా అతకదు, ఎందుకంటే ఇక్కడ తిరిగి వచ్చేది బయల్దేరిన చోటికే కాదు, బయల్దేరిన క్షణానికి కూడా. ఈ ప్రయాణంలో ఎక్కడా, ఒక్క క్షణం కూడా, కాంతిని మించనక్కర్లేదు.

గోడెల్ అంతటితో ఆగే మనిషి కాదు కదా, ఆ నౌకకు కావలసిన వేగం, ఇంధనం కూడా లెక్కేశారు. వేగం కాంతిలో కనీసం 71 శాతం ఉండాలి. ఇంధనం విషయానికొస్తే, పదార్థాన్ని పూర్తిగా శక్తిగా మార్చగలమనుకున్నా, ప్రయాణికుడి గడియారంలో ఒక్క ఏడాదిలో వెళ్లి రావాలంటే నౌక బరువుకు పదిని ఇరవై రెండుసార్లు హెచ్చిస్తే వచ్చేటంత రెట్లు కావాలి. ఒక టన్ను నౌకకు, సుమారుగా మన భూమంత బరువైన ఇంధనం. ప్రయాణం రెండేళ్లయితే అందులో నాలుగో వంతు చాలు, మూడేళ్లయితే తొమ్మిదో వంతు.

ఆయన చెప్పదలచుకున్నది నౌక గురించి కాదు. గతంలోకి మళ్లీ వెళ్లగలిగే విశ్వం ఒకటి సాధ్యమైనా చాలు, అక్కడ గతం గడిచిపోయిందని అనలేం. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు విజయవాడ లేకుండా పోనట్టే, నిన్న కూడా ఎక్కడో ఉన్నట్టే. అప్పుడు, కాలం గడుస్తోందని మనకు కలిగే అనుభవం ప్రకృతిలో ఉన్నదా, మనలోనే ఉన్నదా? ఆయన జవాబు రెండోదే. నేను ఈ భాగం నాలుగుసార్లు చదివాను. తర్కం ఒప్పుకోవాల్సి వస్తోంది, మనసు ఒప్పుకోవడం లేదు. చనిపోయిన మా తాతయ్య ఎక్కడో ఇంకా వరండాలో పేపర్ చదువుతూనే ఉన్నారని అనుకోవడానికి సుఖంగానే ఉంటుంది, కానీ నేనైతే అక్కడికి వెళ్లలేను.

ఐన్‌స్టీన్ ఆ వ్యాసాన్ని ముఖ్యమైనదని మెచ్చుకున్నారు. ఈ చిక్కు తనను సిద్ధాంతం రాసే రోజుల్లోనే కలవరపెట్టిందని ఒప్పుకున్నారు. ఇలాంటి విశ్వాలను భౌతిక కారణాలతో తోసిపుచ్చాలేమో చూడాలని రాశారు. ఆ మాట ఇప్పటికీ తేలలేదు. గతంలోకి దారులు ఏర్పడకుండా ప్రకృతే అడ్డుకుంటుందని స్టీఫెన్ హాకింగ్ 1992లో ఒక ఊహ ప్రతిపాదించారు, దానికీ పూర్తి రుజువు లేదు. మన విశ్వం మాత్రం గోడెల్ విశ్వం కాదు. ఆయన లెక్కలోది తిరుగుతుంది, వ్యాకోచించదు. మనది వ్యాకోచిస్తోంది, తిరుగుతున్న గుర్తులేవీ దొరకలేదు. గోడెల్ మాత్రం ఆశ వదలలేదు. 1955లో ఐన్‌స్టీన్ పోయాక కూడా, గెలాక్సీల ఫోటోల పుస్తకం ముందేసుకుని, ఏది ఏ వైపు వాలి ఉందో స్కేలు, పెన్సిలుతో కొలుచుకుంటూ కూర్చున్నారు. విశ్వం తిరుగుతుంటే ఆ వాలులో ఏదైనా క్రమం కనిపించాలని ఆయన ఆలోచన.

నన్ను ఎక్కువగా తొలిచిన సంగతి వేరే ఉంది. గతంలోకి దారి లెక్కగట్టిన ఈ మనిషి, విమానాలు తిరిగే రోజుల్లో, తాను పుట్టిన ఊరికి గానీ వియన్నాకు గానీ ఒక్కసారి కూడా తిరిగి వెళ్లలేదు. తల్లికి ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. చివరికి ఎనభైకి దగ్గరపడ్డ ఆ తల్లే, 1958లో, పెద్దకొడుకును తోడు తీసుకుని సముద్రం దాటి ఆయన్ను చూడటానికి వెళ్లింది.

ఇక్కడి నుంచి చెప్పేది నేను క్లాసులో చెప్పలేదు. మీకు చెబుతున్నాను. విషం భయం ఆయన్ను పూర్తిగా ఎప్పుడూ వదలలేదు. అడెల్ వండి, రుచి చూసి పెడితేనే తినేవారు. 1977లో ఆమెకు జబ్బు చేసి నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండాల్సి వచ్చింది. ఆయన తినడం దాదాపు మానేశారు. ఆమె ఇంటికి తిరిగొచ్చి, బతిమాలి ఆసుపత్రిలో చేర్పించేసరికి ఆలస్యమైపోయింది. 1978 జనవరి 14న కన్నుమూశారు. అప్పటికి ఆయన బరువు 30 కిలోలు. ఎనిమిదేళ్లప్పుడు వైద్యం పుస్తకం మూసి నా గుండె పాడైంది అన్న పిల్లవాడి తర్కమే ఇది. ఎక్కడా మెట్టు తప్పదు, మొదటి మెట్టు తప్పు. మేధావులు ఇలాగే ఉంటారులే అని కొందరు ముచ్చటగా రాస్తారు. నాకు అది నచ్చదు. అది జబ్బు. ఎవరి పిల్లలకు వచ్చినా డాక్టరుకు చూపించాల్సిన జబ్బు. అడెల్ లేకపోతే 1949 వ్యాసం ఉండేది కాదని నా నమ్మకం. ఆమె పేరు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు.

యూనిట్ టెస్టు అయిపోయిన మర్నాడు, పేపర్లు ఇచ్చాక ఇరవై నిమిషాలు మిగిలితే, ఆ అబ్బాయిని లేపి, ఆ రోజు కూర్చోమన్నందుకు సారీ చెప్పి, ఈ కథ చెప్పాను. ఇంధనం లెక్క బోర్డు మీద వేశాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. మధ్యాహ్నం భోజనాల టైములో వాడు స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు, రఫ్ నోట్సు పట్టుకుని. ప్రయాణం ఎంత ఎక్కువ కాలం చేస్తే ఇంధనం అంత తగ్గుతుంది కదా అని మొదలుపెట్టి, నౌక బరువుకు వంద రెట్లు ఇంధనం సరిపోవాలంటే ఎన్నేళ్లు పడుతుందో లెక్క చేశాడు. 1,000 కోట్ల ఏళ్లు వచ్చింది. సున్నాలు లెక్కపెట్టి చూశాను, సరిగ్గానే ఉన్నాయి. అంతకాలం నౌకలో ఏం తింటారు మిస్ అని అడిగాడు.